‘ప్రజాస్వామ్యం కోసం యుద్ధం’ అన్న వార్తను ఎట్లా చదవాలి

ముందు టీవీ డిబేట్ ఆపేయండి. నోట్‌బుక్‌లో ఆ దేశం పేరు రాసి, కింద తేదీలు వరుసగా వేయండి. హనుమకొండలో రూములు తీసుకుని గ్రూప్స్‌కు చదివేవాళ్ళకు ఇది తేలికే, తేదీలు ఎట్లాగూ బట్టీ పడతారు, కాకపోతే ఒకదాని పక్కన ఇంకొకటి పెట్టి చూడమని కోచింగ్‌లో ఎవరూ చెప్పరు.

ఇరాన్‌తో మొదలుపెట్టండి. 1951లో అక్కడి పార్లమెంటు చమురును జాతీయం చేసింది, బ్రిటిష్ కంపెనీ నష్టపోయింది, అదే ఏడు మొసాద్దెక్ ప్రధాని అయ్యాడు. 1953 ఆగస్టులో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ, బ్రిటిష్ గూఢచారులు కలిసి ఆయన్ను దింపేశారు, పెత్తనమంతా అక్కడి రాజు షా చేతికి పోయింది. దింపిన రెండు దేశాల్లోనూ ఎన్నికలు, కోర్టులు, పత్రికలు అన్నీ ఉన్నాయి. సొంత జనానికి ఓటుంటే చాలు, పక్కోళ్ళ ఓటును తొక్కినా ప్రజాస్వామ్యమే అన్నమాట!

తర్వాత అఫ్గానిస్తాన్. ఇక్కడ జాగ్రత్త, చాలామంది వరుస తప్పుతారు. అక్కడి కమ్యూనిస్టు ప్రభుత్వం మీద తిరగబడ్డ ముజాహిదీన్‌కు రహస్య సాయం చేసే ఉత్తర్వు మీద అమెరికా అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టింది 1979 జులైలో, సోవియట్ సైన్యం దిగింది డిసెంబర్‌లో. జులైలో ఒప్పుకున్నది డబ్బు, మందుల్లాంటివే, ఆయుధాలు కావు, అది కూడా రాయండి, లేకపోతే వాదనలో దొరికిపోతారు. 1983లో కార్టర్ తర్వాతి అధ్యక్షుడు రీగన్ ఆ ముజాహిదీన్‌ను వైట్‌హౌస్‌కు పిలిచి మాట్లాడాడు, 1986లో వాళ్ళకు విమానాలను కూల్చే స్టింగర్ క్షిపణులు అందాయి. సోవియట్ చేసింది దురాక్రమణే, దాన్నీ రాయాలి (మా వరంగల్ ఎర్రజెండా పెద్దమనుషులు కొందరు సరిగ్గా ఇక్కడే టాపిక్ మారుస్తారు). 9/11 అమెరికానే చేయించుకుందనే వాట్సాప్ వీడియోలను మాత్రం దగ్గరికి రానివ్వకండి, మీరు కష్టపడి రాసుకున్న నిజాలను కూడా అవే ముంచుతాయి.

పక్కన ఇంకో గడి గీయండి: ‘ఉగ్రవాది’ అని ఎవరు, ఎప్పటిదాకా అన్నారు? మండేలాకు 1993లో నోబెల్ వచ్చింది, 1994లో అధ్యక్షుడయ్యాడు, అమెరికా ఉగ్రవాద నిఘా జాబితా నుంచి ఆయన పేరు తీసింది 2008లో. అట్లాగని బాంబు పెట్టి మామూలు జనాన్ని చంపినవాడిని వెనకేసుకు రావద్దు, ఆ చావులూ అదే కాగితం మీద ఉండాలి.

మన వరుస కూడా వేయండి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను దొర మనుషులు కాల్చి చంపారు, 1948 సెప్టెంబర్‌లో యూనియన్ సైన్యం వచ్చింది, 1951లో సాయుధ పోరాటం ఆగింది, మొదటి సాధారణ ఎన్నికల్లో నల్గొండ నుంచి ఆ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచాడు. ఆయన పక్క గడిలో ఏం రాయాలో మీరే తేల్చుకోండి.