వడ్ల ట్రాలీ: కల్లం నుంచి మిల్లు దాకా

ట్రాక్టర్ నేర్పేటప్పుడు మనవాళ్లు దున్నడం నేర్పుతారు, దమ్ము చేయడం నేర్పుతారు. ట్రాలీ లాగడం మాత్రం పనిగట్టుకుని ఎవరూ నేర్పరు. దున్నడం వచ్చినోడికి ట్రాలీ రాదా అనుకుంటారు. కోతలు మొదలవగానే, లైసెన్స్ కొత్తగా వచ్చిన పిల్లగాడి చేతిలో తాళం పెట్టి లోడు మిల్లుకు తోలుకుపొమ్మంటారు. మాది హాలియా పక్కన, సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. యాసంగి వడ్లు మిర్యాలగూడ మిల్లులకు తోలే రోజుల్లో మా రోడ్ల మీద ట్రాలీల వరుస తెగదు. ఆ వరుసలో స్టీరింగ్ పట్టుకున్న తమ్ముళ్ల కోసం ఇది రాస్తున్నా.

ముందు బరువు లెక్క తెలియాలి. 45, 50 హెచ్‌పీ ట్రాక్టర్ రెండు టన్నులు అటూ ఇటూగా తూగుతుంది. కొనుగోలు సెంటర్‌లో కాంటా పెట్టే బస్తా 40 కిలోలు. వంద బస్తాలు వేస్తే నాలుగు టన్నులు. ట్రాలీ సొంత బరువు ఇంకో టన్ను పైమాటే. అంటే రెండు టన్నుల బండి వెనకాల ఐదు టన్నులకు పైగా నడుస్తోంది. మన దగ్గర చాలా ట్రాలీలకు బ్రేకులు ఉండవు. ఆ బరువంతా ట్రాక్టర్ వెనక చక్రాలు రెండే ఆపాలి. ఇంజన్‌కు బలం ఉంది కాబట్టి నూట యాభై బస్తాలైనా లాగుతుంది. లాగుతుందా అని కాదు, దిగుడులో ఆగుతుందా అని చూసి లోడు వేయండి. కంపెనీ పుస్తకంలో, ట్రాలీ కాగితాల్లో రాసిన బరువు దాటితే యజమాని తిట్టినా సరే, రెండో ట్రిప్పు వేస్తానని చెప్పండి.

ఇక ట్రాక్టర్‌కు ట్రాలీని తగిలించే పిన్ను. నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది దీనికే. ట్రాలీ పిన్ను తీసి, గ్రీజు తుడిచి, వెలుతురులో పట్టుకుని చూడండి. ట్రాలీ రింగు ఆడే చోట ఒక పక్క అరిగి, వేలు పెడితే గాడి తగులుతుంది. గోరు దిగేంత గాడి పడిందంటే ఆ పిన్ను పని అయిపోయింది. కొత్తది కొనండి, బస్తా వడ్ల ధర కూడా కాదు. చాలామంది పిన్ను కింద క్లిప్పు పోతే దాని చోట మేకు వంచి పెడతారు, లేకపోతే బైండింగ్ వైరు చుడతారు. గుంతల రోడ్డులో పిన్ను ఎగిరెగిరి ఆ మేకును కోసేస్తుంది. అసలు క్లిప్పులు రెండు ఎక్కువే కొని టూల్ బాక్సులో పడేసుకోండి. దాంతోపాటు ఒక గట్టి గొలుసు కూడా ఉండాలి. ట్రాలీ ముందు భాగానికి, ట్రాక్టర్ ఛాసిస్‌కు కలిపి, మలుపు తిరిగినప్పుడు బిగుసుకోకుండా, నేలకు రాసుకోకుండా కొద్దిగా వదులుగా కట్టాలి. పిన్ను ఊడినా ట్రాలీ తన దారిన తాను ఎదురు బస్సు మీదికి పోదు.

తగిలించే చోటు కూడా ముఖ్యమే. ట్రాలీ ఎప్పుడూ కింద ఉండే హుక్కుకే ఉండాలి. బురదలో దిగబడినప్పుడు కొందరు గొలుసును పైన టాప్ లింకు (నాగలి లాంటి పనిముట్లను పైనుంచి పట్టుకునే కడ్డీ) దగ్గర కట్టి లాగుతారు. లాగే చోటు వెనక ఇరుసు కంటే పైన ఉంటే ముందు చక్రాలు లేస్తాయి. ట్రాక్టర్ వెనక్కి తిరగబడటానికి సెకనున్నర చాలు. క్లచ్ తొక్కుదాం అనుకునేలోపే అయిపోతుంది. దిగబడితే సగం బస్తాలు దించండి, హమాలీలకు ఇంకో వంద ఎక్కువిచ్చినా పర్లేదు.

లోడు వేసేటప్పుడు కింద నిలబడి చూడండి. రెండు చక్రాల ట్రాలీ అయితే ఇరుసుకు ముందు వైపు బరువు కొంచెం ఎక్కువ ఉండాలి. వెనక ఎక్కువైతే ట్రాలీ ముందు కొస పైకి లేచి ట్రాక్టర్ వెనక చక్రాల పట్టు తగ్గిస్తుంది. స్పీడు అందుకోగానే ట్రాలీ పాములా ఊగడం మొదలుపెడుతుంది. ముందు మరీ ఎక్కువైతే ట్రాక్టర్ ముక్కు తేలికవుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. లోడయ్యాక కల్లంలోనే ఒక రౌండు తిప్పండి, స్టీరింగ్ తేలిగ్గా ఉందనిపిస్తే రెండు వరుసలు వెనక్కి జరిపించండి. బస్తాలు పక్క డోర్ల ఎత్తు దాటితే మోకు వేసి బిగించాల్సిందే. పత్తి అయితే బరువు తక్కువే గానీ ఎత్తూ వెడల్పూ ఎక్కువ. కరెంటు తీగలు చూసుకుని పోవాలి. హైడ్రాలిక్ ట్రాలీ లేపేటప్పుడు కూడా ముందు తల పైకెత్తి తీగలు చూడండి. లేపిన డబ్బా కిందికి, ఆనిక పెట్టకుండా ఎవరినీ పోనివ్వకండి.

బ్రేకు పెడళ్ల దగ్గరికి వద్దాం. పొలంలో ఒక పక్క చక్రం ఆపి తిప్పడానికి కుడికీ ఎడమకూ వేర్వేరు పెడళ్లు ఇచ్చారు. డాంబర్ రోడ్డెక్కే ముందు ఆ రెండింటినీ కలిపే పట్టీ వేయాలి. అది వేయకుండా ట్రాలీతో పోతూ గాభరాలో ఒక్క పెడలే తొక్కితే ఒక చక్రమే ఆగుతుంది, వెనక ఐదు టన్నులు నెడతాయి, బండి అడ్డం తిరుగుతుంది. పట్టీ వేసినా రెండు పక్కలా బ్రేకు సమానంగా పడుతోందో లేదో చూసుకోవాలి. ఖాళీ ట్రాక్టర్‌ను మట్టి నేల మీద మెల్లగా పోనిచ్చి బ్రేకు కొట్టండి. దిగి, రెండు చక్రాల గీతలు చూడండి. ఒకటి పొడుగ్గా, ఇంకోటి పొట్టిగా ఉంటే ఆ రోజు లోడు వద్దు, మెకానిక్ దగ్గరికి పోండి.

రోడ్డు మీద స్పీడు గురించి ఒక్క లెక్క గుర్తుంచుకోండి. 20లో పోయే బండి 30 అందుకుంటే వేగం సగమే పెరిగినట్టు కనిపిస్తుంది, కానీ దాన్ని ఆపడానికి బ్రేకు మీద పడే పని రెండింతలు దాటుతుంది. ట్రాలీ ఊగుతుందనిపిస్తే గట్టిగా బ్రేకు కొట్టొద్దు, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పొద్దు. యాక్సిలరేటర్ మీది కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి. దానంతట అదే నెమ్మదిస్తుంది.

దిగుడులో డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేసే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. దండం పెట్టి చెప్తున్నా, మానేయండి. చందంపేట వైపు గుట్టల రోడ్లలో అయితే మరీను. ఏ గేరులో ఎత్తు ఎక్కుతారో అదే గేరులో దిగాలి, ఆ గేరు దిగుడు మొదలవకముందే వేసుకోవాలి. సగం దిగాక క్లచ్ తొక్కి గేరు మార్చబోతే, ఆ క్షణంలో బండికి ఇంజన్ పట్టు ఉండదు. గేరు మళ్లీ పడకపోతే మిగిలేది బ్రేకు ఒక్కటే.

కాలువ గట్టు మీద పోవాల్సి వస్తే, కాలువ ఎంత లోతుందో అంచుకు కనీసం అంత దూరంలో చక్రం ఉండాలి. అంత వెడల్పు లేని గట్టు మీద లోడు ట్రాలీ పెట్టొద్దు, చుట్టూ తిరిగి పోవాలన్నా సరే. వాన పడ్డ మర్నాడు పైన ఎండినట్టే కనిపించే మొరం లోపల మెత్తగా ఉంటుంది.

లోడు మీద గానీ, మడ్‌గార్డ్ మీద గానీ మనిషిని ఎక్కించొద్దు. 2018 ఏప్రిల్‌లో మన నల్లగొండ జిల్లాలోనే పీఏపల్లి మండలం వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టర్ ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువలో పడి తొమ్మిది మంది ఆడవాళ్లు పోయారు. అదే ఏడాది జూన్‌లో వలిగొండ మండలం వేములకొండ దగ్గర మూసీ కాలువలో ట్రాక్టర్ పడి 15 మంది చనిపోయారు. నాటుకు, కలుపుకు, మిరప తెంపడానికి పోయే అక్కలు, పెద్దమ్మలు బతిమాలితే కాదనడం కష్టమే, నాకు తెలుసు. ఆటో మాట్లాడి పెట్టండి. ట్రాలీ సరుకు కోసం చేసింది, పట్టుకోవడానికి అందులో ఏమీ ఉండదు.

రాత్రి ప్రయాణం తప్పకపోతే వెనక ఎర్ర రిఫ్లెక్టర్ టేపు, పక్కలకు పసుపు, ముందు తెలుపు అతికించండి. దుమ్ము పట్టిన టేపు లేనట్టే, తడి గుడ్డతో తుడవండి. అద్దంకి రోడ్డు మీద వెనక నుంచి వచ్చే కారుకు మన ట్రాలీ దగ్గరికొచ్చేదాకా కనిపించదు. టైరు పంచరైతే రోడ్డు దిగి ఆపండి. చక్రాల కింద రాళ్లు పెడితే, బయల్దేరేటప్పుడు వాటిని తీసి అవతల పారేయండి. రోడ్డు మీద వదిలేసిన రాయి చీకట్లో బైకు మీద వచ్చేవాడి ప్రాణం తీస్తుంది. ఆరబోసిన వడ్ల చుట్టూ పెట్టే రాళ్ల సంగతి కూడా అంతే.

మిల్లులో వెనక్కి పెట్టడం చాలామందికి టెన్షన్. ట్రాలీ వెనక భాగం కుడికి పోవాలంటే స్టీరింగ్ ముందు ఎడమకు తిప్పాలి. గందరగోళంగా ఉంటే ఒక చేయి స్టీరింగ్ కింది అంచు మీద పెట్టండి. ట్రాలీ ఎటు పోవాలో ఆ చేతిని అటు జరిపితే సరిపోతుంది. ట్రాలీ తిరగడం మొదలవగానే స్టీరింగ్ వెనక్కి తెచ్చి దాని వెంట పోవాలి, ఆలస్యమైతే మడత పడి టైరు ట్రాలీకి రాసుకుంటుంది. అప్పుడు మొండిగా నెట్టకుండా ముందుకు తీసి మళ్లీ మొదలుపెట్టండి. వెనక లారీవాడు హారన్ కొడితే కొట్టనివ్వండి. సైగ చేసే మనిషి మీకు కనిపించే చోటే నిలబడాలి, కనిపించకపోతే ఆపేయండి. పిన్ను తగిలించేటప్పుడు ట్రాక్టర్‌కు, ట్రాలీకి మధ్యలో ఎవరైనా ఉంటే బండి కదపొద్దు. మీరు ఆపి హ్యాండ్ బ్రేక్ వేశాకే వాళ్లు లోపలికి రావాలి.

లోడు దించాక ఖాళీ ట్రాలీ తేలిగ్గా ఉందని తమ్ముళ్లు స్పీడు పెంచుతారు. ఖాళీది గుంతల్లో ఎక్కువ ఎగురుతుంది, పిన్ను కదిలిపోయేది, వెనక డోరు ఊడి రోడ్డు మీదికి వేలాడేది అలాంటప్పుడే. కాంటా చీటీ జేబులో పెట్టుకున్నాక డోరు కొండ్లు వేసి, పిన్ను కింద క్లిప్పును ఒకసారి చేత్తో లాగి చూసి, అప్పుడు గేటు దాటండి.