గోల్ఫ్ స్వింగ్‌తో ప్రయోగాలు: బంతి ఎందుకు దారి తప్పుతోంది?

గ్రిప్ (బంతిని కొట్టే కర్ర, అంటే క్లబ్‌ను పట్టుకునే తీరు), నిలబడే తీరు, భుజాలు తిప్పే తీరు అన్నీ ఒకే రోజు మార్చేస్తే, బంతి నేరుగా వెళ్లినా దేనివల్ల వెళ్లిందో తెలియదు. అందుకే ఒకసారికి ఒక్క మార్పే చేసి, దానికి ఒక బుట్ట బంతులు కేటాయించండి. ఇక్కడ చెప్పే దిక్కులన్నీ కుడిచేతి వాటం వారివి. ఎడమచేతి వాటం వారు వాటిని తిరగేసి చదువుకోవాలి.

సమస్య: బంతి ఎడమగా బయలుదేరి కుడికి వంగిపోతోంది (స్లైస్)

బంతి ఏ వైపు బయలుదేరాలో ఎక్కువగా నిర్ణయించేది, తగిలే క్షణంలో క్లబ్ ముఖం (బంతిని తాకే వైపు) చూస్తున్న దిక్కు. గాలిలో వంపు తెచ్చేది ఆ ముఖానికీ, క్లబ్ కదిలే దారికీ మధ్య ఉన్న తేడా. ముఖం గురికి కాస్త ఎడమగా ఉన్నా, క్లబ్ దారి అంతకంటే ఎడమకు పోతుంటే బంతి కుడికే తిరుగుతుంది. ఇది తెలియక చాలామంది ఇంకా ఎడమకు తిరిగి నిలబడతారు. దాంతో దారి మరింత ఎడమకు పోతుంది, వంపు మరింత పెరుగుతుంది. రోగాన్ని ముదరబెట్టే మందు ఇది.

మొదట గ్రిప్ చూసుకోండి. బంతి ముందు నిలబడి కిందికి చూస్తే ఎడమ చేతి మెటికలు రెండు మూడు కనబడాలి. ఒక్కటే కనబడుతుంటే ఆ చేతిని కొద్దిగా కుడికి తిప్పి పట్టుకోండి. ఇలా మార్చాక తొలి బంతులు తిన్నగా ఎడమకు పోవచ్చు. కంగారుపడి పాత గ్రిప్‌కు తిరిగి వెళ్లకండి: ముఖం మారింది, దారి ఇంకా మారలేదు, అంతే.

ఇక దారి సంగతి. బంతికి జానెడు వెనుక, గురి గీతకు అవతలి పక్కన క్లబ్ మెత్తటి తొడుగును పెట్టండి. కిందికి వచ్చే క్లబ్ దానికి తగులుతుంటే, మీరు బయటి నుంచి లోపలికి కోస్తున్నట్టే. తగలకుండా కొట్టడం అలవాటయ్యే వరకు సగం వేగం చాలు.

డ్రైవర్‌తో (దూరం కొట్టే పొడవాటి క్లబ్‌తో) మాత్రమే ఈ బాధ ఉంటే ఇంకో పరీక్ష ఉంది. తెల్లబోర్డు మార్కర్‌తో బంతి మీదే, వెనుక వైపున చుక్క పెట్టి కొట్టండి. ముఖం మీద మరక పడుతుంది. అది షాఫ్ట్ (క్లబ్ కాడ) వైపు అంచున ఉంటే, స్వింగ్ బాగున్నా బంతి కుడికి వంగుతుంది. అప్పుడు సరిచేయాల్సింది గ్రిప్ కాదు, బంతికి మీరు నిలబడే దూరం.

బంతి ఎడమకు మెలితిరుగుతోంది (హుక్)

పైదానికి సరిగ్గా తిరగేసిన రోగం. ఎడమ చేతిని కొద్దిగా ఎడమకు తిప్పి పట్టుకోండి. 1946 - 1953 మధ్య 9 మేజర్ (గోల్ఫ్‌లో అతి పెద్ద పోటీల) టైటిళ్లు గెలిచిన అమెరికా ఆటగాడు బెన్ హోగన్ కూడా తొలినాళ్లలో హుక్‌తో సతమతమై గ్రిప్ మార్చుకున్నవాడే.

ఒకసారి నేల తవ్వుతోంది, ఇంకోసారి బంతి నెత్తిన తగులుతోంది

రెండూ వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తాయి గానీ, తరచూ మూలం ఒకటే: బరువు వెనుక కాలి మీదే ఉండిపోవడం. బంతిని చేతులతో పైకి లేపాలన్న తాపత్రయమే దీనికి కారణం. లేపే పని క్లబ్ ముఖం వాలు చూసుకుంటుంది. “తల ఎత్తేశావు” అని పక్కవాళ్లు ఇచ్చే సలహా నాకు నచ్చదు. చాలాసార్లు ముందు లేచేది నడుము, దాని వెంట తల వస్తుంది.

గడ్డి మీద అడ్డంగా ఒక గీత గీసి, బంతి లేకుండానే ఐరన్‌తో (పలుచటి లోహపు తల ఉన్న క్లబ్‌తో) స్వింగ్ చేయండి. గడ్డి తెగిన చోటు గీతకు గురి వైపున ఉండాలి. వెనుక తెగుతుంటే, బంతి పెట్టే వేళ ఇంకా రాలేదు.

రేంజ్‌లో కుదిరింది, కోర్సులో కుదరదు

రేంజ్‌లో, అంటే సాధన మైదానంలో, ఒకే క్లబ్‌తో, ఒకే గురికి, కాళ్ల దగ్గర దిశ చూపే పుల్ల పెట్టుకుని కొడుతున్నారు కాబట్టి. చివరి బుట్టలో ప్రతి బంతికీ క్లబ్, గురి మార్చండి, పుల్ల తీసేయండి. స్ట్రోక్ ప్లే (మొత్తం ఎన్ని దెబ్బలు కొట్టారో లెక్కించే పోటీ) రౌండ్‌లో అలాంటి పుల్ల ఆధారంగా నిలబడితే, కొట్టే ముందు దాన్ని తీసేసినా సరే, 2 స్ట్రోకుల శిక్ష తప్పదు.