యూకేలో షవర్ నీళ్ళు సన్నగా వస్తున్నాయా? ఓనర్‌కి ఫోన్ చేసే ముందు ఇవి చూడండి

సెప్టెంబర్‌లో దిగినవాళ్ళకి మొదట్లో ఏ ఇబ్బందీ తెలియదు. డిసెంబర్ వచ్చి చలి ముదిరాక "షవర్ పాడైపోయింది, నీళ్ళు దారంలా వస్తున్నాయి" అని ఒక్కొక్కరూ అడగడం మొదలుపెడతారు. చాలా ఇళ్ళల్లో అసలు షవర్ పాడవదు. అది పనిచేసే పద్ధతి మనకి అలవాటు లేనిది, అంతే.

మన ఇంట్లో గీజర్‌లో 15 లీటర్లో 25 లీటర్లో ముందే కాగి నిలవ ఉంటాయి. ఇక్కడ బాత్రూమ్ గోడకి బిగించి ఉండే తెల్ల డబ్బా, అంటే ఎలక్ట్రిక్ షవర్‌లో నిలవ ఏమీ ఉండదు, మెయిన్ పైపులో వచ్చే చన్నీళ్ళు దాంట్లోంచి పోతూ ఉండగానే వేడెక్కాలి. అందుకే మన గీజర్ 2 కిలోవాట్లైతే ఇవి 7.5 నుంచి 10.5 దాకా ఉంటాయి. బాగా గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే, టెంపరేచర్ నాబ్‌ని వేడి వైపు తిప్పితే కరెంటు పెరగదు, నీళ్ళు తగ్గుతాయి. నీళ్ళు తక్కువగా, మెల్లగా పోతాయి కాబట్టే ఎక్కువ కాగుతాయి. వేసవిలో పైపు నీళ్ళు 18 డిగ్రీలు ఉంటే 8.5 కిలోవాట్ల షవర్ నిమిషానికి సుమారు 5.5 లీటర్లు 40 డిగ్రీలకి తేగలదు, అదే జనవరిలో నీళ్ళు 6 డిగ్రీలుంటే 3.6 లీటర్లే. దీన్ని ఏ ప్లంబరూ మార్చలేడు.

కాబట్టి మొదట చేయాల్సిన పరీక్ష ఇది. డబ్బా మీద ఉండే రెండో నాబ్, అంటే కరెంటు ఎంత వాడాలో ఎంచుకునే పవర్ నాబ్‌ని చల్లటి సెట్టింగ్‌లో పెట్టి, టెంపరేచర్ నాబ్‌ని పూర్తిగా చలి వైపు తిప్పి, ఒక నిమిషం బకెట్‌లో పట్టండి. తర్వాత మామూలుగా స్నానం చేసే వేడిలో ఇంకో నిమిషం పట్టండి. చన్నీళ్ళు ధారాళంగా వచ్చి వేడినీళ్ళే తగ్గితే పైపుల్లో అడ్డు ఏమీ లేదు, అది చలి ప్రభావమే. అప్పుడు పవర్ నాబ్ ఫుల్‌లో ఉందో లేదో చూడండి. కరెంటు బిల్లు టెన్షన్‌తో చాలామంది దాన్ని తక్కువలో ఉంచి, వేడి చాలక టెంపరేచర్ నాబ్‌ని చివరిదాకా తిప్పేస్తారు, దాంతో నీళ్ళు ఇంకా సన్నబడతాయి. పవర్ ఫుల్‌లో పెట్టి, టెంపరేచర్‌ని కొంచెం కొంచెం చలి వైపు తెచ్చుకుంటే మీకు దొరికే గరిష్ఠ ధార అదే. ఫుల్‌లో కూడా, నిన్నటిదాకా బాగా కాగినవి ఉన్నట్టుండి గోరువెచ్చగా వస్తుంటే లోపలి రెండు హీటర్ కాయిల్స్‌లో ఒకటి పోయి ఉండొచ్చు. అది ఓనర్ పని.

చన్నీళ్ళు కూడా సన్నగానే వస్తే మొదటి అనుమానం షవర్ హెడ్ మీద. లండన్, కెంట్, ఎసెక్స్, కేంబ్రిడ్జ్ వైపు నీళ్ళల్లో సున్నం ఎక్కువ. మీ కెటిల్ అడుగున తెల్లపొర కడుతుంటే షవర్ రంధ్రాల్లోనూ అదే కడుతుంది. మాంచెస్టర్, గ్లాస్గోలో ఈ బాధ బాగా తక్కువ. హెడ్‌ని చేత్తో తిప్పి ఊడదీసి, చల్లటి సెట్టింగ్‌లో ఉత్త పైపుతో నీళ్ళు వదలండి. బాగా వస్తే దోషం హెడ్‌దే. సూపర్‌మార్కెట్‌లో దొరికే వైట్ వెనిగర్‌లో ఒకటి రెండు గంటలు నానబెట్టి, రబ్బరు రంధ్రాల్ని బొటనవేలితో రుద్ది, బాగా కడిగి మళ్ళీ బిగించండి. హెడ్ తీసినా ధార రాకపోతే పైపు ఎక్కడైనా మడత పడిందా, లోపలి గొట్టం మెలిపడిందా చూడండి. పైపు కొత్తది కొనడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

హెడ్ మూసుకుపోతే నీళ్ళు తగ్గడంతో ఆగదు. లోపల ప్రెషర్ పెరిగి, డబ్బా కింద ఉండే సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని అక్కడినుంచి నీళ్ళు కారతాయి. అలా కారుతుంటే సీలింగ్ నుంచి వేలాడే తాడు లాగి కరెంటు ఆపేయండి, ఇక వాడొద్దు. నీళ్ళు ఆదా చేసే హెడ్‌లు ఈ షవర్‌లకి పెట్టవద్దనేది కూడా ఇందుకే.

ఇవేవీ కాకపోతే వంటింటి చన్నీళ్ళ కుళాయి తిప్పి చూడండి. అదీ సన్నగా ఉంటే సమస్య బయటిది కావచ్చు, పక్కింటివాళ్ళని అడగండి, వాటర్ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ పోస్ట్‌కోడ్ కొట్టి చూడండి. సాధారణంగా సింక్ కింద ఉండే స్టాప్ ట్యాప్‌ని (ఇంటి మొత్తానికి నీళ్ళు ఆపే కుళాయి) ఏదో రిపేర్ తర్వాత సగమే తెరిచి వదిలేసి ఉండొచ్చు కూడా. నలుగురైదుగురు కలిసి ఉండే ఇళ్ళల్లో పొద్దున్నే వాషింగ్ మెషీన్ వేస్తే షవర్‌కి నీళ్ళు తగ్గడం మామూలే, టైమింగ్స్ మాట్లాడుకోండి.

డబ్బా మూత మాత్రం విప్పొద్దు. లోపలికి నీళ్ళొచ్చే చోట చిన్న జల్లెడ ఉంటుంది, అందులో చెత్త చేరినా ధార తగ్గుతుంది, వీడియోలు చూసి దాన్ని శుభ్రం చేద్దామనిపిస్తుంది. కానీ అక్కడ 45 ఆంపియర్ల దాకా కరెంటు పోతుంది, పక్కనే నీళ్ళు. ప్రాణాలతో చెలగాటం. పైగా అద్దె ఇంట్లో అది మీ బాధ్యత కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లో నీళ్ళు, కరెంటు, వేడినీళ్ళ అమరికల్ని పనిచేసే స్థితిలో ఉంచాల్సింది ఓనరే. ఇంగ్లండ్‌లో దానికి ఆధారం 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ యాక్ట్, సెక్షన్ 11. ఫోన్‌లో చెప్పినా సరే మెయిల్ తప్పకుండా పెట్టండి. చన్నీళ్ళు నిమిషానికి ఎన్ని లీటర్లు, వేడినీళ్ళు ఎన్ని, హెడ్ శుభ్రం చేశామా, వంటింట్లో ఎలా వస్తున్నాయి, ఈ నాలుగూ రాసి ఒక చిన్న వీడియో జత చేయండి.