కాలేజీ లైబ్రరీలో ఆడిట్ కోసం లెక్కలు ఎలా రాసి పెట్టుకోవాలి?

లైబ్రరీకి వచ్చిన ఆడిటర్ మొదట చేసే పనులు రెండు. ఏదో ఒక బిల్లు తీసి "ఈ పుస్తకాలు చూపించండి" అంటారు. తర్వాత రాక్‌లోంచి ఒక పుస్తకం లాగి "దీని బిల్లు ఏదీ?" అంటారు. రెండింటికీ పది నిమిషాల్లో జవాబు చూపించగలిగితే మిగతా ఆడిట్ గురించి పెద్దగా టెన్షన్ ఉండదు.

ముందుగా ఒక్కో ఆర్డరుకు ఒక్కో ఫైలు తెరవండి. లెక్చరర్ల ఇండెంటు (కావలసిన పుస్తకాల జాబితా), లైబ్రరీ కమిటీ ఆమోదం, కొటేషన్లు, ఆర్డరు కాపీ, డెలివరీ చలానా, బిల్లు, చెల్లించిన చెక్కు నంబరు లేదా బ్యాంకు బదిలీకి వచ్చే యూటీఆర్ నంబరు ఇదే వరుసలో ఉండాలి. ఒక్కో షాపుకు ఒక్కో ఫైలు పెట్టేవాళ్లూ ఉన్నారు. నాకది నచ్చదు, నాలుగేళ్ల బిల్లులు కలిసిపోయాక వెతకడం నరకం.

బిల్లు రాగానే ఆర్డరు కాపీ పక్కన పెట్టుకుని ఎడిషన్, కాపీల సంఖ్య, ఒప్పుకున్న డిస్కౌంటు సరిచూడండి. అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు. బిల్లులో వేస్తే సరిచేసి పంపమని తిప్పి పంపండి. ఈ-బుక్స్‌కు పన్ను ఉంటుంది కాబట్టి వాటికి విడిగా బిల్లు అడగండి. విదేశీ పుస్తకమైతే పబ్లిషర్ ధర చూపే పేజీ, ఆ రోజు మారకం రేటు ప్రింట్ తీసి బిల్లుకు జత చేయండి. థర్మల్ కాగితం బిల్లుకు ఆ రోజే జిరాక్స్ తీయించండి. ఏడాది తిరిగేసరికి అక్షరాలు మాయమవుతాయి.

అసలు పని ఇక్కడి నుంచే. ప్రతి పుస్తకాన్నీ యాక్సెషన్ రిజిస్టరులో, అంటే ఒక్కో కాపీకి వరుస నంబరు ఇచ్చే పుస్తకంలో, ఎక్కించాలి: తేదీ, యాక్సెషన్ నంబరు, రచయిత, పేరు, ప్రచురణకర్త, సంవత్సరం, ధర, సప్లయర్, బిల్లు నంబరు, బిల్లు తేదీ. తర్వాత బిల్లు వెనక్కి తిప్పి ఇలా రాయండి: "ఇందులోని 24 పుస్తకాలు అందాయి. యాక్సెషన్ నం. 18,431 నుంచి 18,454 వరకు నమోదు చేశాం." కింద సంతకం, తేదీ. ఇది రాశాకే బిల్లు అకౌంట్స్ సెక్షన్‌కు వెళ్లాలి. తప్పు పడితే వైట్‌నర్ జోలికి పోకండి. పాత అంకె కనిపించేలా ఒక గీత కొట్టి, పైన సరైనది రాసి పొట్టి సంతకం పెట్టండి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అరవై పుస్తకాల బిల్లు వెనుక నంబర్లు రాయకుండానే పంపేశాను. రెండేళ్లకు ఆడిటర్ అదే బిల్లు తీశారు. అటెండరూ నేనూ రెండు రోజులు రాక్‌లన్నీ గాలించాం. యాభై తొమ్మిది దొరికాయి. అరవయ్యోది బైండింగ్ కట్టలో ఉంది, రిజిస్టరులో మాత్రం ఎక్కలేదు.

కోఠి షాపుల్లోనో, బుక్ ఫెయిర్ స్టాళ్లలోనో కొంటే కాలేజీ పేరు మీదే బిల్లు రాయించుకోండి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద మంచి పాత పుస్తకం కనబడితే చెయ్యి ఆగదు, నిజమే. కానీ అక్కడ బిల్లు ఆశించలేం. కాలేజీ డబ్బుతో కొనకండి. ఎవరైనా సొంత డబ్బుతో కొని ఇస్తే విరాళాల రిజిస్టరులో రాసి రసీదు ఇవ్వండి.

ఫైన్ డబ్బుకు నంబర్లు వేసిన రసీదు పుస్తకం వాడండి. వసూలైనదంతా కాలేజీ ఖాతాలో కట్టాలి. ఆ డబ్బులోంచి చీపుర్లు, ఫినాయిల్ కొనడం మామూలే, ఆడిట్ రిపోర్టులో దానిమీద అభ్యంతరం (పేరా) పడటమూ మామూలే. పత్రికల చందా ముందే కడతాం కనుక అందని సంచికల జాబితా, వాటికోసం పంపిన రిమైండర్లు దాచండి.

ప్రతి నెలా మీ లెక్కను అకౌంట్స్ లెడ్జరుతో పోల్చండి. తేడా ఎక్కువగా మార్చిలో పాసై ఏప్రిల్‌లో చెల్లించిన బిల్లుల దగ్గరే వస్తుంది. కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే అందులోని కొనుగోలు మాడ్యూల్‌లో నిధులవారీగా ఖర్చు కనిపిస్తుంది. అయినా సంతకాలున్న కాగితం పారేయొద్దు.

ఇక స్టాక్ వెరిఫికేషన్. హైదరాబాద్ విశ్వవిద్యాలయం లాంటి కేంద్ర సంస్థలకు జీఎఫ్ఆర్ 2017 (కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు) నిబంధనలున్నాయి. 20,000 సంపుటాల దాకా ఉన్న లైబ్రరీలో ఏటా పూర్తిగా లెక్క తీయాలి. 50,000 దాకా అయితే కనీసం మూడేళ్లకోసారి. అంతకు మించితే మూడేళ్లు దాటకుండా నమూనా తనిఖీ చాలు. ఏడాదిలో ఇచ్చిన, చదివిన ప్రతి వెయ్యి సంపుటాలకు ఐదు పోవడం సహజ నష్టమే, మోసమో నిర్లక్ష్యమో లేకపోతే. 1,000 రూపాయలు దాటినదీ, అరుదైనదీ పోతే మాత్రం విచారణ తప్పదు. మిగతా కాలేజీలు తమ యాజమాన్యం నిబంధన ఏదో రాతపూర్వకంగా అడిగి ఫైలులో పెట్టుకోవాలి. రైట్ ఆఫ్ (లెక్కల్లోంచి తీసేసే) అనుమతి రాకుండా పోయిన పుస్తకాన్ని రిజిస్టరులో కొట్టేయకండి.

ఆడిట్ రోజు ఏ ఫైలు ఇచ్చినా ఒక నోటుబుక్కులో రాసి, తీసుకున్నవారి సంతకం పెట్టించుకోండి. సాయంత్రం తిరిగొచ్చాక మీరే టిక్ పెట్టుకోండి.