పెరటి కోడి ఏ జాతిది? పుంజా, పెట్టా? తేల్చడం ఎలా?

నెల పిల్లని అరచేతిలో పెట్టుకుని "పుంజేనండీ, జుట్టు చూడండి ఎంత ఎర్రగా ఉందో" అని ఢంకా బజాయించి చెప్పేవాళ్లని చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను. మా వీధిలో ఒకాయన అలాగే ఐదు పిల్లల్ని పుంజుల లెక్కన చవగ్గా వదిలించుకున్నాడు. సంక్రాంతి నాటికి కొన్నవాళ్ల పెరట్లో వాటిలో రెండు గుడ్లు పెడుతున్నాయి.

కావలసినవి ఒక గంప, సెల్‌ఫోన్ లైటు, రెండు రంగుల నూలు దారం. చీకటి పడ్డాక కోళ్లు గూట్లో సర్దుకున్నప్పుడే పట్టుకోవాలి. పగలు వెంటబడితే కోడికీ మీకూ ఆయాసం తప్ప ఏమీ మిగలదు. కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయడం మాత్రం వద్దు.

ముందు జాతి సంగతి. రంగు జాతి కాదు. డేగ, కాకి, సేతు, నెమలి, పర్ల అన్నవి ఈకల రంగుని బట్టి పెట్టిన పేర్లు. ఒకే పెట్ట పొదిగిన పిల్లల్లో డేగా రావచ్చు, కాకీ రావచ్చు. కాబట్టి రంగు వదిలేసి ఒడ్డూ పొడుగూ చూడండి. పొడుగు మెడ, నిటారుగా నిలబడే తీరు, ఒంటికి అతుక్కున్న బిరుసు ఈకలు, కిందికి వాలిన తోక, బఠాణీలు వరసగా అతికించినట్టున్న పొట్టి జుట్టు, గడ్డం కింద వేలాడే ఎర్రతోలు, అంటే తమ్మెలు, ఉన్నాయా లేవా అన్నట్టుండటం... ఇది అసీల్, మనవాళ్లు జాతికోడి అనేది. కడక్‌నాథ్ అని ఎవరైనా అమ్మజూపితే ముక్కు తెరిచి నాలుక చూడండి. నాలుక, చర్మం, కాళ్లు అన్నీ నలుపు తిరిగి ఉండాలి. ఈకలు నల్లగా ఉండి జుట్టు మందారంలా ఎర్రగా ఉంటే అది ఉత్త నల్లకోడి, డబ్బులు జేబులోనే ఉంచుకోండి. కడక్‌నాథ్ నల్లగుడ్డు పెడుతుందన్నది కూడా ఒట్టిమాటే, దాని గుడ్డు లేత గోధుమ రంగులో ఉంటుంది. వనరాజ, గ్రామప్రియ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ సంకరం చేసి తయారుచేసినవి. అవి కొన్న చోటే పేరు తెలుస్తుంది, వాటి పిల్లలు తల్లిలాగే వస్తాయన్న ఆశ వద్దు. మన పెరళ్లలో మిగతావి చాలావరకు కలగాపులగమే. నాటుకోడి అని రాసుకుంటే సరిపోతుంది.

ఇక అసలు తంటా, పుంజా పెట్టా అన్నది. కోలగుడ్డులో పుంజు, గుండ్రటి గుడ్డులో పెట్ట అనే మాట మా అమ్మమ్మ కూడా నమ్మేది. గుడ్డు ఆకారానికీ పిల్లకీ సంబంధం లేదు. రెక్క ఈకల పొడవు చూసి ఒక్కరోజు పిల్లని తేల్చే పద్ధతి ఉంది, కానీ అందుకోసమే ప్రత్యేకంగా పెంచిన హేచరీ రకాల్లోనే అది పనిచేస్తుంది. మీ పెరటి పిల్లలో చూస్తే బొమ్మా బొరుసూ వేసినట్టే. పిల్ల వెనకభాగం నొక్కి చూసే జపాన్ పద్ధతి ఏళ్ల తరబడి నేర్చుకున్నవాళ్ల పని. ఇంట్లో ప్రయత్నిస్తే పిల్ల చచ్చినా చావొచ్చు.

నేను నమ్మేది ఒక్కటే, తోక మొదట్లో నడుము మీది ఈక. మూడో నెల నిండేదాకా ఆగండి, జాతికోడి పిల్లలైతే ఇంకో నెల. దాని జుట్టు ఎలాగూ పొట్టిదే, ఎదుగుదలా నిదానం. జుట్టు చూసి మోసపోయేది ఎక్కువగా దీని దగ్గరే.

కోడిని ఎడమ చంకలో తల వెనక్కి, తోక ముందుకి వచ్చేలా ఇరికించుకోండి. రెక్కలు మీ మోచేతి కింద కదలకుండా ఉండాలి. కుడిచేత్తో తోకకి బెత్తెడు ముందున్న ఈకల్ని పాపిట తీసినట్టు విడదీసి, లైటు పక్క నుంచి వేయండి. ఇక్కడే అందరూ తప్పు చేసేది. పైన కనబడేవి పాత ఈకలు, చిన్నప్పటివి. అవి పుంజుకైనా పెట్టకైనా గుండ్రంగానే ఉంటాయి. వాటిని చూసి "పెట్ట" అనేస్తారు. మీరు వెతకాల్సింది వాటి మధ్య కొత్తగా మొలుస్తున్న ఈక, మొదట్లో తెల్లటి పొర ఇంకా ఊడనిది. అది సన్నగా సాగి, కొన తేలి, నిగనిగలాడుతూ, అంచుల్లో పోగులు విడిపోయినట్టుంటే పుంజు. వెడల్పుగా, కొన గుండ్రంగా, వీపు మీది ఈకల్లో కలిసిపోయేలా ఉంటే పెట్ట. ఒక్క ఈకతో తీర్పు చెప్పకండి. రెండు పక్కలా కలిపి నాలుగైదు చూడండి. లేత ఈకని మాత్రం పీకొద్దు, దాని గొట్టంలో రక్తం ఉంటుంది, ఆగకుండా కారుతుంది. అనుమానంగా ఉంటే రెండు వారాలాగి మళ్లీ చూడండి, కొంపలేం మునిగిపోవు.

ఇంత చేసినా ఒక్క చోట ఈ పద్ధతి ఓడిపోతుంది. పెట్టమారు పుంజుకి ఈకలన్నీ పెట్టలాగే వస్తాయి. అది కూసేదాకా ఆగాల్సిందే. కాలి ముల్లుని నమ్ముకోకండి, ముదురు పెట్టలకీ అది మొలుస్తుంది.

తేలినవాటికి పుంజైతే ఎర్రదారం, పెట్టైతే పచ్చదారం కాలికి వదులుగా కట్టండి. కాలు లావెక్కే వయసు కాబట్టి నెలకోసారి విప్పి మళ్లీ కట్టాలి, లేకపోతే దారం చర్మంలోకి కోసుకుపోతుంది.