డ్యామ్ సర్వేకి ముందే గుడి, పుట్ట, సమాధుల లెక్క రాసుకోండి

మార్కాపురం వైపు నుంచి ఉదయగిరి దాకా వెలిగొండల వెంట ఎక్కడ డ్యామ్ మాట వినపడినా ముందు ఎకరాకి ఎంతిస్తారన్న చర్చే వస్తుంది. అది అవసరమే. కానీ గుడి సంగతి ఆఖర్న గుర్తొస్తే అప్పటికే డిజైన్ ఖరారై ఉంటుంది, ఎంత మొత్తుకున్నా కట్ట ఎత్తు ఒక్క అడుగు తగ్గదు. అందుకే పవిత్ర స్థలాల జాబితా సర్వే బృందం రాకముందే ఊరివాళ్ల చేతుల్లో తయారవ్వాలి.

గోపురం ఉన్న గుడి చాలావరకు దేవాదాయ శాఖ రికార్డుల్లో ఉంటుంది. జారిపోయేవి చిన్నవే. పొలం గట్టు మీది పోలేరమ్మ రాయి, వేపచెట్టు కింద నాగుల పుట్ట, బొడ్రాయి, పీర్ల చావిడి, శ్మశానం. వీటిని సర్వే నంబరుతో సహా రాయండి, జీపీఎస్ ఫోటో తీయండి. ఎవరు కొలుస్తారు, ఏ నెలలో కొలుపు చేస్తారు, ఏ దారిన వెళ్తారు, అన్నీ ఉండాలి. దారి మరీ ముఖ్యం. కొండ మీది గుడి మునగకపోయినా కింద బాట మునిగితే తిరునాళ్ల ఆగిపోతుంది. ఆడవాళ్లని విడిగా కూర్చోబెట్టి అడగండి, పొంగళ్లు పెట్టే చోట్లన్నీ వాళ్లకే తెలుసు. దోర్నాల, ఎర్రగొండపాలెం వైపు అడవి అయితే చెంచుల్ని అడగకుండా జాబితా ముగించొద్దు. 2013లో ఒడిశా నియమగిరి కొండల బాక్సైట్ గనుల కేసులో డోంగ్రియా కొంద్ గిరిజనుల ఆరాధన హక్కుల విషయం గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు చెప్పింది. 12 గ్రామసభలూ గనులు వద్దన్నాయి.

తర్వాత నీటిమట్టం. ఇంజనీర్లు ఎఫ్‌ఆర్‌ఎల్ (జలాశయం నిండినప్పటి మట్టం) అంకె చెప్పి వెళ్తే సరిపోదు. ఆ గీత గుడి గడప మీదికి వస్తుందా, ధ్వజస్తంభం దాకా వస్తుందా అని లెవెల్ మిషన్ పెట్టి అక్కడికక్కడే ఎర్ర రంగుతో గుర్తు పెట్టమనండి. వరదొచ్చినప్పుడు నీళ్లు అంతకంటే పైకి లేస్తాయి, ఎగువన వాగు కలిసే చోట ఇంకా ఎక్కువ. ఆ గరిష్ఠ మట్టాన్ని కూడా గుర్తు పెట్టించండి. కరెంటు కోసం నీళ్లు ఎత్తిపోసి దించే పంప్డ్ స్టోరేజ్ అయితే ఇంకో ప్రమాదం ఉంది. మట్టం రోజూ వేగంగా పడిపోతుంటే నానిన గట్టు జారుతుంది. గీతకి కాస్త పైన ఉందని నిశ్చింతగా ఉన్న గుడి కిందే నేల కదలొచ్చు. కట్టకి రాయి ఏ కొండ నుంచి తీస్తారో కూడా అడగండి. పాత రాతి మండపాల దగ్గర పేలుళ్లు జరిగితే కంపనం కొలిచే యంత్రం పెట్టించాలి. చారిత్రక కట్టడాల దగ్గర కంపన వేగానికి గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లో పెట్టిన పరిమితుల్లో అన్నిటికంటే కఠినమైనది సెకనుకు 2 మిల్లీమీటర్లు.

‘గుడిదేముంది, పైకి మారుస్తాం’ అనే మాటని వెంటనే ఒప్పుకోకండి. రాళ్లకి నంబర్లు వేసి మార్చగలిగేవి ఉన్నాయి. శ్రీశైలం ముంపులోని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలాగే అలంపురం తెచ్చి కట్టారు. అదే ముంపులో ఉండిపోయిన సప్తనదీ సంగమంలోని సంగమేశ్వరుడు మాత్రం నీళ్లు తగ్గిన నెలల్లోనే దర్శనమిస్తాడు. మన భైరవకోనలో ఎనిమిది గుళ్లూ కొండరాతిలోనే తొలిచినవి, అలాంటిదాన్ని ఏ క్రేను ఎత్తగలదు? స్వయంభువులు, పుట్టలు, సమాధులు కూడా అంతే. వీటికి తప్పించుకోవడమే దారి, అంటే కట్ట జరపాలి లేదా ఎత్తు తగ్గించాలి. ఆ మాట డీపీఆర్ (ప్రాజెక్టు సమగ్ర నివేదిక) దశలోనే అడగాలి. మార్చగలిగిన గుడి అయినా ముందు బాలాలయం (పని జరిగేదాకా దేవుణ్ణి ఉంచే తాత్కాలిక గుడి), కొత్త స్థలం, మాన్యం, నిత్యపూజ ఖర్చు కాగితం మీదికి రావాలి.

పర్యావరణ అనుమతి కోసం ఊరివాళ్ల మాట వినే పబ్లిక్ హియరింగ్‌కి అధికారులు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ రోజు నోటితో చెప్పి ఊరుకోకండి. గ్రామసభ తీర్మానం, జాబితా, ఫోటోలు కలిపి ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో రసీదు ముద్ర వేయించుకోండి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూములు మునగడానికి ఆరు నెలల ముందే పునరావాసం పూర్తవ్వాలి. ఆ చట్టం మూడో షెడ్యూల్లో పునరావాస కాలనీకి పూజాస్థలాలు, శ్మశానం, రచ్చబండ కూడా ఉన్నాయి. ఇళ్ల ప్లాన్‌తో పాటే వాటి స్థలాలు కూడా చూపించమని అడగండి.