కరెంటు చార్జీల మీద మీ సంఘం మాట చెల్లాలంటే

హైదరాబాద్‌లో ఏ సంఘానికైనా ప్రభుత్వ విధానం మీద అసంతృప్తి కలగగానే ఇందిరా పార్కు దగ్గర టెంటు వేద్దామనో, సోమాజిగూడ ప్రెస్‌క్లబ్‌లో హాలు మాట్లాడదామనో అంటారు. రెండూ పనికొచ్చేవే. కానీ అనుభవమున్న సంఘాలు ముందు కాగితం పంపి, ఆ తర్వాతే గొంతు ఎత్తుతాయి. రెడ్‌హిల్స్‌లోని ఎఫ్‌టీసీసీఐ లాంటి వ్యాపార సంఘాలు చార్జీల ప్రతిపాదన వచ్చినప్పుడల్లా, వాటిని ఖరారు చేసే విద్యుత్ నియంత్రణ మండలికి రాతపూర్వక అభ్యంతరాలు వేస్తాయి. చిన్న పరిశ్రమల సంఘమైనా, అపార్ట్‌మెంట్ల సమాఖ్య అయినా అదే దారిలో వెళ్లొచ్చు. ఇందుకు లాయరు అక్కర్లేదు.

ముందుగా తేదీలు పట్టుకోండి. డిస్కంలు, అంటే విద్యుత్ పంపిణీ సంస్థలు, వచ్చే ఏడాదికి తమ ఆదాయ అవసరాలను, చార్జీల ప్రతిపాదనను మామూలుగా నవంబరు 30లోగా మండలికి ఇవ్వాలి. గడువు దాటిన సంవత్సరాలూ ఉన్నాయి. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం ఆ ప్రతిపాదన సారాంశాన్ని పత్రికల్లో ప్రకటించాలి. జనం సూచనలు, అభ్యంతరాలు పరిశీలించి మండలి 120 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. పత్రికలో నోటీసు కనబడిన రోజే దాన్ని కత్తిరించి పెట్టుకోండి. చివరి తేదీ, ఎన్ని కాపీలు, ఎవరికి అన్నవి అందులోనే ఉంటాయి. ఒక కాపీ డిస్కంకు, ఒకటి మండలి కార్యదర్శికి చేరినట్టు రుజువు ఉంచుకోండి. మండలి జరిపే బహిరంగ విచారణలో స్వయంగా మాట్లాడతామని కాగితంలోనే రాయండి. చాలామంది మరిచిపోయేది ఈ ఒక్క వాక్యమే.

అభ్యంతరంలో 'సామాన్యుడి నడ్డి విరుస్తున్నారు' అని రాస్తే పత్రికకు శీర్షిక దొరుకుతుంది, మండలికి మాత్రం పట్టుకోవడానికి ఏమీ ఉండదు. లెక్క రాయండి. మీ సంఘంలో పదిమంది సభ్యుల పన్నెండు నెలల కరెంటు బిల్లులు తీసుకోండి. నెలకు 10,000 యూనిట్లు వాడే చోట యూనిట్‌కు 50 పైసలు పెరిగితే నెలకు 5,000 రూపాయలు, ఏడాదికి 60,000. డిమాండ్ చార్జీ (వాడిన యూనిట్లకు కాక లోడుకు కట్టేది) మారితే దాన్ని విడిగా చూపించండి. యూనిట్ ధర కదలకుండానే బిల్లు పెరిగేది అక్కడే. తర్వాత డిస్కం లెక్కల్లోకి దిగండి. సగటు సరఫరా వ్యయం ఎంత, మీ వర్గం దగ్గర వసూలు చేసేది ఎంత? 2016 జాతీయ టారిఫ్ విధానం ఈ తేడా 20 శాతం అటో ఇటో దాటకూడదంటుంది, దాటితే ఆ సంఖ్యే మీ మొదటి పాయింటు. ఇక ప్రభుత్వ శాఖలు డిస్కంకు ఎంత బకాయి పడ్డాయో అడగండి. ఆ పైన వ్యవసాయ పంపుసెట్లు: వాటికి మీటర్లు లేవు కాబట్టి వాడకం అంచనాయే. అంచనా ఎక్కువ వేస్తే లైను నష్టాలు తక్కువగా కనిపిస్తాయి. అంచనా ఎలా వేశారని అడగండి. ఈ ప్రశ్నకు డిస్కం రాతపూర్వకంగా జవాబివ్వాల్సి వస్తే విచారణ రోజు మీ పని సగం అయిపోయినట్టే.

ఎక్కడ బెడిసికొడుతుంది? ఒకే నమూనా ఉత్తరం మీద రెండు వందల మంది సంతకాలు పెట్టి పంపడం దగ్గర. కట్ట బరువుంటుంది కానీ అందులో వాదన ఒక్కటే. దానికి బదులు ఐదుగురు ఐదు వేర్వేరు లెక్కలు పంపితే నయం. ఇంకో పొరపాటు, విచారణలో సొంత ట్రాన్స్‌ఫార్మర్ గొడవ, లైన్‌మన్ మీద ఫిర్యాదు ఎత్తడం. ఆ ఫిర్యాదులకు వేరే వేదిక ఉంది, ఇక్కడ ఇచ్చే కొద్ది నిమిషాలు మాత్రం వాటికే పోతాయి. రెండే పాయింట్లు చెప్పి కూర్చోండి, మిగతావి కాగితంలో ఉన్నాయి కదా.

సబ్సిడీ సంగతి మండలి చేతిలో లేదు, సచివాలయం చేతిలో ఉంది. ఏ వర్గానికైనా రాయితీ ఇవ్వాలనుకుంటే ఆ సొమ్ము ప్రభుత్వం ముందుగా చెల్లించాలని 65వ సెక్షన్ అంటుంది. అందుకని ఇంధన శాఖ కార్యదర్శికి ఒక్క పేజీ వినతిపత్రం, అందులో ఒక్కటే కోరిక. మంత్రికి బొకే ఇచ్చి ఫోటో దిగడం కన్నా ఇన్‌వర్డ్ నంబరు (కాగితం అందినట్టు ఆఫీసు వేసే నంబరు) వేయించుకోవడం ముఖ్యం. నెల దాటినా కదలిక లేకపోతే ఆ నంబరు రాసి, 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి: తీసుకున్న చర్య, నోట్ ఫైలు (అధికారులు ఫైల్లో రాసిన అభిప్రాయాలు) నకలు కావాలని. 30 రోజుల్లో జవాబు రావాలి. క్యాబినెట్ ముందున్న కాగితాలైతే నిర్ణయం జరిగేదాకా ఇవ్వరు.

ప్రెస్‌మీట్ విచారణకు రెండు మూడు రోజుల ముందు పెట్టండి. నోట్ ఒక్క పేజీ, అందులో పైన చెప్పిన 60,000 లాంటి ఒకే సంఖ్య. ఉర్దూలో కూడా ఇవ్వండి. పాతబస్తీ వ్యాపారుల మాట సియాసత్‌లో, మున్సిఫ్‌లో వస్తే దానికీ ఓ విలువుంది.

మీకు ఎదురు వాదించే సంఘం వెనక ఎవరున్నారో కూడా చూసుకోవాలి. 'పౌర వేదిక', 'పరిరక్షణ సమితి' అన్న పేర్లు ఏమీ చెప్పవు. ఏడుగురు కలిస్తే సొసైటీ రిజిస్టరవుతుంది, మన దేశంలో లాబీయింగ్ చేసేవాళ్లు పేరు నమోదు చేసుకోవాలన్న చట్టమూ లేదు. రిజిస్ట్రేషన్ నంబరు, ఆఫీసు చిరునామా, హాలు అద్దె ఎవరు కట్టారన్నవి అడగండి. కరెంటు కాని ఒక ఉదాహరణ: హైదరాబాద్ జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) చుట్టూ 84 గ్రామాల్లో నిర్మాణాలకు ఆంక్షలు పెట్టిన 1996 నాటి జీవో 111 మీద ఏళ్ల తరబడి రైతులూ మాట్లాడారు, పర్యావరణవాదులూ మాట్లాడారు. 2022లో జీవో 69తో ఆ ఆంక్షలు తొలగించే నిర్ణయం వచ్చింది. ఇలాంటి చోట ముందు నిలబడినవాడి బాధ నిజమే కావచ్చు, భూమి ధర పెరిగితే లాభం ఎవరికి చేరుతుందన్నది వేరే లెక్క. రెండూ చూడాలి.

వీధి పోరాటం దండగని కాదు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపుపై జరిగిన ఆందోళన మీద పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి కరెంటు ఎన్నికల అంశంగానే మిగిలింది. అయితే ధర్నాకు వెళ్లేటప్పుడు పోలీసు అనుమతి కాగితం, మీ అభ్యంతరం నకలు రెండూ చేతిలో ఉంచుకోండి.

మండలి ఉత్తర్వు వచ్చాక చార్జీల పట్టిక ఒక్కటీ చూసి వదిలేయకండి. లోపల అభ్యంతరం, డిస్కం జవాబు, మండలి అభిప్రాయం వరసగా ఉంటాయి. మీ పాయింటుకు జవాబే లేకపోతే అదే అప్పీలుకు ఆధారం. ఢిల్లీలోని విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి గడువు 45 రోజులు.